పాత కాసెట్ బేస్‌బాల్‌లో ఏముంది?

బేస్‌బాల్ మన ఆట కాదు. పొన్నూరులో గాని, తెనాలి, బాపట్ల, రేపల్లెలలో గాని సాయంత్రం ఏ ఖాళీ స్థలం చూసినా క్రికెట్టే కనిపిస్తుంది. అంతకు ముందు తరంవారు బిళ్ళంగోడు ఆడారు. అయినా 1990లలో చదువుకున్నవారిలో చాలామందికి బేస్‌బాల్ తెలుసు! మీ నాన్నగారినో, బాబాయినో, మేనమామనో అడిగి చూడండి. వాళ్ళు దాన్ని మైదానంలో ఆడలేదు. టెలివిజన్ తెర మీద, రెండు బొటనవేళ్ళతో ఆడారు.

ఇప్పుడు మీ చేతికి దొరికే టెలిఫోనులో అంతకంటే వెయ్యి రెట్లు అందమైన ఆటలు ఉన్నాయి. అయినా ఆ పాత పెట్టె ఎక్కడైనా అటక మీద దొరికితే మీ నాన్నగారు దుమ్ము దులిపి కూర్చుంటారు. ఓ గంట దాకా లేవరు. "చిన్నప్పటి జ్ఞాపకం కదా" అని మనం సరిపెట్టుకుంటాం. జ్ఞాపకం కొంత నిజమే. పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగిన సంగతులు జీవితాంతం ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాసార్లు పరీక్షించి చూశారు. కాని ఆ ఆటను ఎన్నడూ చూడని పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టండి. పది నిమిషాలలో వాడు కూడా "ఇంకొక్కసారి" అంటాడు. వాడికి ఏ జ్ఞాపకం ఉంది? కాబట్టి ఆకర్షణ ఆటలోనే ఎక్కడో ఉండాలి. ఎక్కడుందో వెతుకుదాం.

ముందు ఆ యంత్రం సంగతి. జపానులోని నింటెండో కంపెనీ 1983 జూలైలో ఫ్యామికామ్ అనే ఆటల పెట్టెను అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో దానికి బేస్‌బాల్ కాసెట్టు వచ్చింది. ఆ పెట్టె నమూనాలో తయారైన రకరకాల పెట్టెలు తరువాత మన దేశానికి చేరాయి. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లు పెద్దవాళ్ళకు గుర్తుంటాయి. కొందరు ఇంట్లో కొనుక్కున్నారు. కొననివాళ్ళు గంటకు ఇంత అని చెల్లించి కొట్లలో ఆడారు. కాసెట్ల అట్టల మీద వేల కొద్దీ ఆటలున్నట్లు అంకెలు వేసేవారు. లోపల ఉన్నవి కొన్నే. అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఈ గడుసుతనాన్ని పిల్లలు మొదటి రోజే పట్టేసేవారు.

అలాంటి కలగూరగంప కాసెట్లలో బేస్‌బాల్ తరచు ఉండేది. కారణం సులభం. అది చాలా చిన్నది. మొత్తం ఆట, అంటే బొమ్మలు, చప్పుళ్ళు, నియమాలు అన్నీ కలిపి 24 కిలోబైట్లు. ఇదెంత? "తెలుగు" అనే మాటను నేటి కంప్యూటరులో దాచడానికి 18 బైట్లు పడుతుంది. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని కంప్యూటరులో దాస్తే, ఆ బేస్‌బాల్ ఆట కంటే ఎక్కువ చోటు పడుతుంది! ఇక ఆట నడుస్తున్నప్పుడు యంత్రం లెక్కలు రాసుకునే పలక, అంటే దాని పని స్మృతి, 2048 బైట్లు మాత్రమే. "తెలుగు" అని 113 సార్లు రాస్తే పలక నిండిపోతుంది. ఎవరు ఏ బేసు మీద ఉన్నారు, బంతి ఎక్కడుంది, ఎన్ని పరుగులు, ఎంతమంది అవుటయ్యారు, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ముగ్గూ, మూడు రంగులూ

తెరను ముగ్గుగా ఊహించుకోండి. అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240 చుక్కలు. ఈ చుక్కలను ఒక్కొక్కటిగా నింపే ఓపిక ఆ యంత్రానికి లేదు. అందుకని 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల చిన్న చదరాలను ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. ఆకుపచ్చ మైదానమంతా ఆ చదరాలను నేలమీద పలకల్లాగా పరిచినదే. కదిలే మనుషులు, బంతి వేరే రకం చదరాలు. వీటిలో ఒక్కొక్కదానికి మూడే రంగులు. తెర మొత్తం మీద 64కు మించి ఉండకూడదు. ఒకే అడ్డవరసలో 8కి మించి ఉండకూడదు.

ఈ చివరి నియమం వల్ల ఒక చిత్రం జరుగుతుంది. ఒక ఆటగాడు రెండు చదరాల వెడల్పు ఉన్నాడనుకోండి. నలుగురు ఒకే వరసలోకి వస్తే ఎనిమిది అయిపోయాయి. అదే వరసలోకి బంతి వస్తే అది తొమ్మిదోది. యంత్రం దాన్ని గీయదు. బంతి మాయం! ఇలా ఒకే వస్తువు పూర్తిగా మాయం కాకుండా, ప్రోగ్రామరు ప్రతి బొమ్మకూ వరస మారుస్తాడు. ఈసారి ఒకడు మాయం, మరుసటి సారి ఇంకొకడు. సెకనుకు 50 బొమ్మలు మారుతుంటాయి కనుక మనకు మనుషులు మిణుకుమిణుకుమంటున్నట్లు కనిపిస్తుంది. కంటికి ఉన్న దృష్టి నిలకడ మిగిలిన పని పూర్తి చేస్తుంది. ఆ మిణుకులు చూసి "టీవీ పాడైంది" అని దాని నెత్తిన రెండు తగిలించినవాళ్ళున్నారు. పాపం, దాని తప్పేమీ లేదు.

బంతి గాలిలోకి లేచినప్పుడు ఇంకో చిక్కు. తెర బల్లపరుపుగా ఉంది. బంతి తెరలో పైకి పోతోందంటే ఎత్తుకు లేస్తోందా, దూరంగా పోతోందా? రెండూ ఒకేలా కనిపిస్తాయి. బేస్‌బాల్ వీడియో ఆటలు చేసేవారు దీనికి కనిపెట్టిన చక్కటి ఉపాయం నీడ. బంతి కింద నేలమీద ఒక నల్ల మచ్చ పెడతారు. మచ్చకూ బంతికీ మధ్య దూరం పెరిగితే బంతి ఎత్తుకు పోతున్నట్లు, తగ్గితే దిగుతున్నట్లు. మిట్టమధ్యాహ్నం పొలంలో గద్ద నీడ చూసి గద్ద ఎక్కడుందో చెప్పగలరు కదా, అలాగన్నమాట.

ఆ బంతి దారి పరావలయం. తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణ పాఠం చదివినవారికి సమీకరణాలు గుర్తుంటాయి. తమాషా ఏమిటంటే ఆ యంత్రంలోని మైక్రోప్రాసెసరుకు గుణకారం రాదు! దాని ఆదేశాలలో కూడిక, తీసివేత ఉన్నాయి గాని గుణకారం లేదు. మరి పరావలయం ఎలా వస్తుంది? ఒక కాగితం తీసుకోండి. బంతి వేగం 10 అనుకోండి, ఎత్తు 0. ప్రతి బొమ్మకు ఎత్తుకు వేగాన్ని కూడండి, తరువాత వేగంలోంచి 1 తీసేయండి. ఎత్తులు ఇలా వస్తాయి: 10, 19, 27, 34, 40, 45, 49, 52, 54, 55, 55, 54, 52, 49, 45, 40, 34, 27, 19, 10, 0. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. అందమైన పరావలయం! ఆ ఒక్క తీసివేతే గురుత్వాకర్షణ. 21 బొమ్మలలో బంతి నేలకు దిగింది. ఒకటికి బదులు అరనో పావునో తీసేస్తే బంతి ఇంకా ఎక్కువసేపు గాలిలో తేలుతుంది, చంద్రుడి మీద ఆడినట్లు. ఇలాంటి లెక్కలే ఆ రోజుల ఆటలన్నిటికీ ఆధారం. నా ఉద్దేశంలో పాఠ్యపుస్తకంలోని బొమ్మ కంటే ఈ ఇరవయ్యొక్క అంకెలు గురుత్వాకర్షణను బాగా చెబుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు దగ్గరవుతున్నాం. ఇంత బీద యంత్రం మనిషిని ఎలా కట్టిపడేస్తుంది?

నియమాలు చెప్పేవారు లేని ఆట

మనవాళ్ళలో చాలామందికి ఆ కాసెట్టు చేతికొచ్చేనాటికి బేస్‌బాల్ నియమాలు తెలియవు. చెప్పేవారు లేరు, పుస్తకం లేదు. చేతిలో బల్ల మీది దుడ్డుకర్ర లాంటి గుండ్రటి బ్యాటు, ఎదురుగా బౌలరు లాంటివాడు. బంతి నేలకు తగలకుండా నేరుగా వస్తుంది. కొట్టకుండా వదిలేస్తే కొన్నిసార్లు "స్ట్రైక్" అంటుంది, కొన్నిసార్లు "బాల్" అంటుంది. ఎందుకు? ఒకడు అంటాడు, "దూరంగా పోయిన బంతిని వదిలేస్తే బాల్." ఇంకొకడు కావాలనే రెండు మూడు వదిలేసి చూస్తాడు. నిజమే! నాలుగు బాల్స్ అయ్యాక బ్యాటు పట్టుకున్నవాడు హాయిగా మొదటి బేసుకు నడిచిపోయాడు. మూడు స్ట్రైకులైతే అవుట్. ముగ్గురు అవుటైతే అవతలివాళ్ళ వంతు. ఇలా తొమ్మిది ఇన్నింగ్సులు.

చూడండి, ఏం జరిగిందో! ముందు గమనించారు. తరువాత ఊహించారు. ఆ ఊహ నిజమైతే ఏం జరగాలో అనుకుని, పరీక్ష చేసి చూశారు. తప్పయితే ఊహ మార్చుకున్నారు. ప్రయోగశాలలో మనం పిల్లల చేత చేయించాలని తంటాలు పడేది ఇదే. ఈ యంత్రంలో ఇంకో సుగుణం ఉంది. అది మాట మార్చదు. ఒకే బంతిని ఒకే చోట నిలబడి ఒకే క్షణంలో కొడితే ఒకేలా స్పందిస్తుంది. చిన్న ప్రపంచం, కచ్చితమైన చట్టాలు.

నియమాలు తెలిశాక బంతి మిగులుతుంది. నిజమైన బేస్‌బాల్‌లో విసిరేవాడి గట్టుకూ బ్యాటు పట్టేవాడి పళ్ళేనికీ మధ్య దూరం 18.44 మీటర్లు. మన క్రికెట్ పిచ్ 20.12 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఆ దూరాన్ని సుమారు 0.44 సెకన్లలో దాటుతుంది. కన్ను చూసి, మెదడు తేల్చుకుని, చెయ్యి కదపడం మొదలుపెట్టేసరికి మామూలు మనిషికి 0.2 సెకన్లు, లేదా కాస్త ఎక్కువ పడుతుంది. దీన్నే ప్రతిచర్యా కాలం అంటారు. ఆపైన బరువైన బ్యాటును తిప్పాలి. అంటే బంతి ఎక్కడికి వస్తుందో చూసి కొట్టేందుకు వ్యవధి లేదు. ముందుగా ఊహించి కొట్టవలసిందే.

తెర మీద బ్యాటుకు బరువు లేదు. బొత్తాం నొక్కితే చాలు. కాని చిక్కు అదే. సెకనుకు 50 బొమ్మలు మారే తెర మీద 0.2 సెకన్లంటే 10 బొమ్మలు. బంతి బ్యాటుకు అందే అవకాశం 4 బొమ్మల సేపే ఉందనుకుందాం. అంటే 0.08 సెకన్లు. బంతి దగ్గరకు వచ్చిందని చూసి నొక్కితే అది దాటిపోయి ఉంటుంది. వచ్చే ముందే నొక్కాలి. ఈలోగా అవతలి కుర్రవాడు ఊరుకుంటాడా? ఆ కాసెట్టులో విసిరేవాడు బంతిని వేగంగానో, మెల్లగానో, అటో ఇటో వంపు తిరిగేటట్లో వేయవచ్చు. మూడు వేగపు బంతులు వేసి, నాలుగోది నింపాదిగా వదులుతాడు. మీ బొటనవేలు ముందే నొక్కేస్తుంది. బ్యాటు గాలిలో ఊగిపోతుంది. బంతి తీరిగ్గా వచ్చి పట్టేవాడి చేతిలో పడుతుంది. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు.

ఆ కాసెట్టులో ఫీల్డర్లు తమంతట తామే బంతి వెంట పరుగెత్తేవారు, అదీ బస్సు తప్పినవాడికి రెండో బస్సు గంట తరువాత ఉందని తెలిసినప్పుడు నడిచినట్లు! బంతిని ఏ బేసుకు విసరాలో చెప్పడమే మన పని. దాన్ని తిట్టుకోనివారు లేరు. అందుకే అందరి ధ్యాసా విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య జరిగే ఆ చిన్న పందెం మీదే నిలిచేది.

ఊహకూ ఫలితానికీ తేడా

ఇప్పుడు మెదడులోకి వెళ్దాం. వుల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని వాడే నాడీకణాలను పరిశీలించాడు. 1990లలో ఆయన చూసినది ఇది. కోతికి అనుకోకుండా ఓ చుక్క పండ్లరసం దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. ప్రతిసారీ ఒక సంకేతం తరువాత రసం ఇస్తూపోతే, కొన్నాళ్ళకు రసం దొరికినప్పుడు స్పందించడం మానేశాయి. సంకేతం కనిపించినప్పుడే స్పందించాయి. సంకేతం చూపించి రసం ఇవ్వకపోతే, అది రావలసిన క్షణంలో వాటి చురుకు తగ్గిపోయింది. అంటే ఆ కణాలు లెక్కపెట్టేది రసాన్ని కాదు, ఊహకూ ఫలితానికీ ఉన్న తేడాను.

ఇంట్లో ఎప్పుడూ ఉండే పప్పే అనుకుని వచ్చినవాడికి వాకిట్లోనే గారెల వాసన తగిలితే ఎలా ఉంటుంది? రోజూ గారెలే అయితే ఆ ఆనందం ఉండదు. గారెలనుకుని వస్తే పప్పు ఉంటే, పప్పు బాగున్నా మొహం ముడుచుకుంటుంది. అదీ సంగతి.

1998లో లండన్‌లో ఎనిమిదిమంది స్వచ్ఛంద పరీక్షార్థులు తెర మీద ట్యాంకు నడిపే వీడియో ఆట ఆడుతుండగా మెదడును ఒక ప్రత్యేకమైన స్కానింగుతో చూశారు. ఆడేటప్పుడు మెదడులోని ఒక భాగంలో డోపమిన్ విడుదల పెరిగింది. బాగా ఆడినవారిలో ఇంకా ఎక్కువ కనిపించింది. ఆ ఆట బొమ్మలు ఏమంత గొప్పవి కావు.

మన బేస్‌బాల్‌లో ఒక్కొక్క బంతి ఒక్కొక్క ఊహ. కొద్ది క్షణాల్లో జవాబు వస్తుంది: తగిలింది, తగల్లేదు. మరి కొద్ది క్షణాల్లో ఇంకో బంతి. బొమ్మలు బీదవి కనుక కంటికి వేరే పని లేదు. మూడు రంగుల మనిషి, తెల్లటి బంతి, దాని నీడ. ఊహకు కావలసినవన్నీ ఉన్నాయి, అక్కరలేనిదేదీ లేదు. ఆకర్షణ దాక్కున్నది అక్కడేనని నా అభిప్రాయం.

ఇదే గుణం పట్టు తప్పించేది కూడా. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసం జీవులు విసుగు లేకుండా ప్రయత్నిస్తాయని స్కిన్నర్ పావురాలతో చూపించాడు. నేటి ఫోను ఆటలు కొన్ని దీన్ని ఎరిగి తయారయ్యాయి. వాటికి ముగింపు ఉండదు, రేపు మళ్ళీ రమ్మని గంట కొడతాయి. మానలేక చదువు, నిద్ర, ఇల్లు చెడిపోయే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2022 నుంచి ఆ జాబితా అమలులో ఉంది. పాత బేస్‌బాల్ తొమ్మిది ఇన్నింగ్సులకు అయిపోతుంది. పైగా కొట్టులో గంట కాగానే యజమాని మీట నొక్కేవాడు. అంత కచ్చితమైన వైద్యుడు దొరకడం కష్టం!

ఇంకో సంగతి. పాత పెట్టెను నేటి పలచటి టెలివిజన్‌కు తగిలించి ఆడిన పెద్దలు "వెనకటి మజా లేదు, బ్యాటు బరువుగా ఉంది" అంటుంటారు. వయసుతో ప్రతిచర్యా కాలం కొంత పెరిగే మాట నిజమే. కాని తప్పంతా వారిది కాదు. పాత గాజుగొట్టం టెలివిజన్ సంకేతం అందినది అందినట్లే తెర మీద గీసేది. కొత్త టెలివిజన్ బొమ్మను తీసుకుని, పెద్దది చేసి, మెరుగుపెట్టి చూపిస్తుంది. దానికి సెకనులో కొన్ని వందో వంతులు ఆలస్యమవుతుంది. ఆలస్యం 0.06 సెకన్లు అనుకుంటే 3 బొమ్మలు. పైన మనం అనుకున్న 4 బొమ్మల అవకాశంలో 3 పోయాయి! బొటనవేలు పాతికేళ్ళ కిందట నేర్చుకున్న సమయానికే నొక్కుతోంది. తెరే ఆలస్యంగా చూపిస్తోంది. కొన్ని టెలివిజన్లలో "గేమ్ మోడ్" అనే అమరిక ఉంటుంది. అది పెడితే మెరుగులు తగ్గి ఆలస్యం తగ్గుతుంది. ఇంట్లో పెట్టి చూపించండి.

ఒక ప్రయోగం

ఆటల పెట్టె లేకపోయినా ఫరవాలేదు. 30 సెంటీమీటర్ల స్కేలు, ఒక స్నేహితుడు చాలు. అతను స్కేలును పైకొన దగ్గర పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. సున్నా గీత మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాలి. వేళ్ళు స్కేలుకు తగలకూడదు. అతను చెప్పకుండా వదిలేస్తాడు. మీరు పట్టుకోండి. వేళ్ళ మధ్య ఉన్న గీతను చదవండి. స్కేలు పడిన దూరాన్ని బట్టి కాలం ఇలా ఉంటుంది: 10 సెం.మీ. అయితే 0.14 సెకన్లు, 15 అయితే 0.17, 20 అయితే 0.20, 25 అయితే 0.23, 30 అయితే 0.25. (ఈ అంకెలు ఎలా వచ్చాయో పదో తరగతివారు సూత్రంతో సరిచూసుకోవచ్చు.) పదిసార్లు చేసి సగటు తీయండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేతా చేయించండి.

తరువాత ఒక్క మార్పు చేయండి. స్నేహితుణ్ణి "ఒకటి, రెండు, మూడు" అని సమంగా లెక్కపెట్టి, "మూడు" దగ్గర వదలమనండి. మళ్ళీ పదిసార్లు. ఇప్పుడు 5 సెంటీమీటర్ల దగ్గరే పట్టేస్తారు, అంటే 0.10 సెకన్లు. కళ్ళకూ చేతికీ అంత వేగం ఉండదని ఇందాకే అనుకున్నాం. కొన్నిసార్లు స్కేలు కదలకముందే వేళ్ళు మూసుకుంటాయి. ఆ కొలతలను తప్పని కొట్టివేయకండి. వేరే వరసలో రాసుకోండి. చివరగా స్నేహితుణ్ణి "మూడు" అన్న తరువాత ఒక్కోసారి కాసేపు ఆగి వదలమనండి. ఆ వరసకు ఏం పేరు పెట్టాలో బేస్‌బాల్ ఆడినవారికి చెప్పనక్కరలేదు.